గేటు కర్రను తోసుకుని రావచ్చని మాకెవరూ చెప్పలేదు

రైల్వే గేట్లు డిజైన్ చేసే ఇంజనీర్లకు, గేటు పక్కన ట్రాఫిక్ సిగ్నల్‌కి టైమింగ్ పెట్టేవాళ్లకు, డ్రైవింగ్ నేర్పే మాస్టార్లకు, లైసెన్సు పరీక్షకి ప్రశ్నలు రాసేవాళ్లకు,

నమస్కారం. మీరందరూ వేర్వేరు ఆఫీసుల్లో కూర్చుంటారు, ఎవరిని కదిపినా "అది మా పరిధి కాదండీ" అంటారు. అందుకే అందరికీ కలిపి ఒకే ఉత్తరం రాస్తున్నాను. ఎవరి పరిధో మీలో మీరు తేల్చుకోండి.

పోయినేడు ఒక సాయంత్రం నేను కారుతో సహా పట్టాల మీద ఇరుక్కుపోయాను. గేటు తెరిచే ఉంది, ముందున్న లారీ కదులుతోంది, దాని వెనకే నేనూ కదిలాను. పట్టాలు దాటిన కొద్ది దూరంలోనే ట్రాఫిక్ సిగ్నల్ ఉంది, అది ఎర్రబడింది, లారీ ఆగింది. లారీ ఆగితే నేనూ ఆగాలి కదా, ఆగాను. ఆగింది సరిగ్గా పట్టాల మీద అని బుర్రకెక్కేలోపే గంట మొదలైంది. వెనక వ్యాన్ వాడు నాకంటే తెలివైనవాడు, గేటు అవతలే ఆగాడు, మా ఇద్దరి మధ్యా కర్ర దిగిపోయింది. అంతలో సిగ్నల్ పచ్చబడి లారీ వెళ్లిపోయింది, దాని వెనకే ముందువైపు కర్ర కూడా దిగింది. ఇప్పుడు నా ముందు అంతా ఖాళీ రోడ్డు. మధ్యలో ఉన్నదల్లా ఎరుపు తెలుపు చారల కర్ర ఒకటి, దాని కొసన అంటించిన రేడియం స్టిక్కర్ సగం ఊడి గాలికి కొట్టుకుంటోంది. ఆ స్టిక్కర్ ఇప్పటికీ నాకు కళ్లు మూసుకుంటే కనిపిస్తుంది.

అప్పుడు నేనేం చేశానో తెలుసా? హారన్ కొట్టాను. కర్రకి హారన్ కొట్టాను! అది లేస్తుందనుకున్నానో ఏమో. తర్వాత రివర్స్ గేర్ వేశాను, అద్దంలో వెనక కర్ర చూసి మళ్లీ ఫస్ట్ వేశాను. సీటు బెల్టు మీద చెయ్యి వేశాను, తీయలేదు. రోడ్డు పక్కన నడిచి వెళ్తున్న ఒక పెద్దాయన సంచీ కింద పడేసి, రెండు చేతులూ ముందుకు తోస్తూ "తోసెయ్! కర్రేగా, తోసెయ్!" అని అరిచాడు. అప్పుడు క్లచ్ వదిలాను. టప్‌మని ఒక్క శబ్దం వచ్చింది, అద్దం మీద ఒక గీత పడింది, అంతే, బయటున్నాను. కారు పక్కకి ఆపి కాళ్లు వణుకుతూ దిగేసరికి నా వెనకనుంచి పెట్టెలు వరసగా దూసుకుపోతున్నాయి.

"అసలు పట్టాల మీదికి ఎందుకెళ్లావు?" అని మీరు అడుగుతారు. ఈ సంగతి చెప్పిన ప్రతివాళ్లూ మొదట అడిగింది అదే. తప్పు నాదే, ఒప్పుకుంటున్నాను. అవతల నా కారు పట్టేంత చోటు ఖాళీ అయ్యాకే పట్టాల మీదికి వెళ్లాలి, అది నాకు తెలుసు, పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను. నేను అడుగుతున్నది తప్పు జరిగిపోయాక వచ్చే పది సెకన్ల గురించి. ఆ పది సెకన్లలో ఏం చెయ్యాలో మీరెవ్వరూ, ఎప్పుడూ, ఎక్కడా చెప్పలేదు. ఈతకి దిగొద్దని బోర్డు పెట్టి, దిగినవాడికి తాడు వెయ్యకపోతే ఎలా?

మీ గేటుని నేను గోడ అనుకున్నాను. నా ఒక్కడికే బుర్ర లేదు అనుకోకండి. 2015 ఫిబ్రవరి 3న న్యూయార్క్ రాష్ట్రంలోని వాల్‌హాలా దగ్గర ఏం జరిగిందో మీకు నాకంటే బాగా తెలిసి ఉండాలి. దగ్గర్లోని హైవే మీద ఏదో ప్రమాదం జరిగి బళ్లన్నీ చిన్న రోడ్డు మీదికి మళ్లాయి, చీకటి పడింది, బళ్లు నత్తనడకన కదులుతున్నాయి. ఒకావిడ కారు గేటు గీత దాటి, పట్టాలకి కొంచెం ముందే ఆగింది. గేటు కర్ర వచ్చి ఆ కారు వెనక భాగం మీద పడింది. ఆవిడ దిగింది, వెనక్కి వెళ్లి చూసింది, మళ్లీ ఎక్కి కూర్చుంది, కారుని ముందుకి, పట్టాల మీదికి పోనిచ్చింది. వెనక కారాయన ఆవిడకి చోటివ్వడానికి తన బండి వెనక్కి తీసి, రమ్మని సైగ కూడా చేశాడు. రైలు గుద్దింది. ఆవిడతో పాటు రైల్లోని ఐదుగురు పోయారు. ఆవిడ అలా ఎందుకు చేసిందో దర్యాప్తు కూడా ఖచ్చితంగా తేల్చలేకపోయింది. నాకైతే ఆ దృశ్యంలో అన్నిటికంటే భయం వేసేది ఆవిడ దిగి చూడటం. కారుకి దెబ్బ తగిలిందని కదా మనిషి దిగి చూస్తాడు! రైలు సంగతి ఆ క్షణంలో బుర్రలో లేనట్టే. కర్ర తగిలిన చప్పుడు దగ్గరగా వినిపించింది, రైలు ఎక్కడో ఉంది.

భయం వేస్తే మనిషి చూపు సూది మొన అంత అయిపోతుంది. కళ్ల ముందు ఉన్న ఒక్క వస్తువు మీదే ఉంటుంది, నాకు స్టిక్కర్ మీద ఉన్నట్టు. కొత్తగా ఆలోచించే పని ఆగిపోతుంది, చేతులకి ముందునుంచి అలవాటైన పనే వస్తుంది. నా చేతులకి అలవాటైంది ఏంటి? అడ్డం వస్తే హారన్ కొట్టు, గేటు పడితే ఆగు, ఎవరి ఆస్తినీ గుద్దకు. మీరే నేర్పారు, ఇన్నేళ్లుగా రోజూ చేస్తున్నాను. అలాంటివాణ్ణి పట్టుకుని ఇప్పుడు నీ అంతట నువ్వే ఆలోచించి గేటు విరగ్గొట్టుకుని రా అంటే ఎట్లా వస్తుంది చెప్పండి? కొందరు ఏమీ చెయ్యరు, స్టీరింగ్ పట్టుకుని అలాగే కూర్చుంటారు. కొందరు దిగి బండిని తోస్తారు, నెట్టుకుంటూనే ఉంటారు, రైలు హారన్ వినిపిస్తున్నా వదలరు, ఎందుకంటే వాయిదాలు ఇంకా తీరలేదు. నవ్వకండి, నేను కూడా ఆ పది సెకన్లలో ఒక సెకను "బానెట్ మీద గీత పడుతుందేమో" అని ఆలోచించాను. నిజంగా.

మీ లెక్కలు కూడా కొంచెం చూశాను. అమెరికా నియమాల ప్రకారం రైలు గేటు దగ్గరికి రావడానికి కనీసం 20 సెకన్ల ముందు హెచ్చరిక మొదలవ్వాలి. మొదటి మూడు సెకన్లైనా దీపాలు, గంట మాత్రమే, తర్వాత కర్ర దిగడం మొదలవుతుంది, రైలు రావడానికి కనీసం ఐదు సెకన్ల ముందు అది పూర్తిగా అడ్డంగా పడి ఉండాలి. గంటకి 100 కిలోమీటర్ల వేగంతో వచ్చే రైలు సెకనుకి దాదాపు 28 మీటర్లు వస్తుంది, అంటే 20 సెకన్ల ముందు అది అర కిలోమీటరు పైన ఎక్కడో ఉంటుంది. ఆ వేగంలో ఉన్న రైలు బ్రేకు వేస్తే అర కిలోమీటరులో ఆగడం కష్టం, బరువైన గూడ్స్ రైలుకైతే కిలోమీటరున్నర కూడా చాలదు. చాలామంది డ్రైవర్లకి తెలియని సంగతి ఇదే. గంట మోగిన క్షణానికే, నన్ను చూసి రైలు ఆగే అవకాశం చాలావరకు దాటిపోయి ఉంటుంది. ఇంజిన్లో ఉన్నాయన ఆపుతాడులే అని ఎదురుచూడటానికేం లేదు. అదే ఆగి ఉన్న కారు పది పన్నెండు మీటర్లు కదలాలంటే నాలుగైదు సెకన్లు చాలు. అంటే మీ 20 సెకన్లు నిజానికి సరిపోతాయి, వెంటనే కదిలినవాడికి. మిగతా సమయమంతా ఏం చెయ్యాలా అని ఆలోచించడంలోనే పోతుంది.

కళ్లు కూడా మోసం చేస్తాయి. పెద్ద వస్తువు ఎంత వేగంగా వస్తున్నా మనకి నెమ్మదిగా వస్తున్నట్టే ఉంటుందని హెర్షెల్ లీబోవిట్జ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1985లో రైల్వే క్రాసింగ్‌ల గురించే రాశాడు. పైగా రైలు మన మీదికి నేరుగా వస్తుంటే పక్కకి కదిలినట్టు కనిపించదు, సైజు పెరగడం ఒక్కటే కనిపిస్తుంది. 300 మీటర్ల నుంచి 150కి వచ్చేసరికి కంటికి రెట్టింపవుతుంది, దానికి ఐదు సెకన్ల పైన పడుతుంది. 28 మీటర్ల నుంచి 14కి వచ్చేటప్పుడు కూడా రెట్టింపే, కానీ దానికి అర సెకను. అందుకే "దూరంగా ఉందిలే, దూరంగా ఉందిలే" అనుకుంటుండగానే ఒక్కసారిగా మీద పడుతుంది.

ఇక మీరు పెట్టే గేట్ల సంగతి. సగం రోడ్డుకే కర్ర పెడితే లోపలున్నవాడు బయటికి పోవడానికి దారి ఉంటుంది. ఇంగ్లండ్‌లో 1961 నుంచి పెట్టిన సగం గేట్లు అలాంటివే. కానీ ఆ ఖాళీలోంచి తొందరగాళ్లు పాములా మెలికలు తిరిగి దూరిపోతారు. దూరకుండా రోడ్డంతా మూసేస్తే లోపల చిక్కినవాడు చిక్కినట్టే. ఇటు పీకితే అటు తక్కువ. మీ బాధ నాకు అర్థమవుతుంది. అందుకే నాలుగు కర్రలుండే చోట బయటికెళ్లే వైపు కర్రని కాస్త ఆలస్యంగా దించుతారు. కరెంటు పోతే లోపలికొచ్చే వైపు కర్ర కిందపడేలా, బయటికెళ్లే వైపుది పైకే ఉండేలా అమరుస్తారు. ఇది చదివినప్పుడు నాకు నిజంగా ముచ్చటేసింది. ఎవరో ఒక ఇంజనీరు లోపల చిక్కినవాడి గురించి కూడా ఆలోచించాడు. ఆటోమేటిక్ గేట్ల కర్రలు చాలావరకు చెక్కతోనో అల్యూమినియంతోనో ఫైబర్‌గ్లాస్‌తోనో చేసి, బండి తగిలితే విరిగేలా, లేదా బోల్టు దగ్గర ఊడిపోయేలా బిగిస్తారట. అంటే ఇరుక్కున్నవాడు తోసుకుని పోవచ్చని మీకు తెలుసు! ఆ ఏర్పాటు మీరే చేశారు. కర్రకి తెలుసు, బోల్టుకి తెలుసు, కారు నడిపేవాడికి తప్ప అందరికీ తెలుసు.

జపాన్‌లో ఈ సంగతి దాచుకోలేదు. గేట్ల మధ్య చిక్కితే ఆగకండి, కారుతోనే కర్రని నెట్టండి, అది వంగి పైకి లేస్తుంది అని అక్కడ డ్రైవర్లకి సూటిగా చెబుతారు. చాలా గేట్ల దగ్గర స్తంభానికి ఎర్ర బటన్ ఉంటుంది, అది నొక్కితే రైలు నడిపేవాడికి ప్రమాద సిగ్నల్ కనిపిస్తుంది. ఎర్రగా మండే కడ్డీ ఒకటి కార్లో ఉంటుంది, అది కూడా ఇలాంటప్పటికే. ఇంకో చిన్న చిట్కా కూడా ఉంది: గేర్లున్న కారు ఆగిపోయి స్టార్ట్ కాకపోతే, ఫస్ట్ గేర్‌లోనే ఉంచి తాళం తిప్పి పట్టుకుంటే స్టార్టర్ మోటారే కారుని కొద్ది దూరం ఈడుస్తుంది. క్లచ్ నొక్కితేనే స్టార్టయ్యే కార్లలో ఇది కుదరదు, ఆటోమేటిక్‌లో అసలే కుదరదు, కాబట్టి దీన్ని మాత్రం నమ్ముకుని కూర్చోవద్దు. బ్రిటన్‌లో చెప్పేది ఇంకోలా ఉంటుంది. బండి పట్టాల మీద ఆగిపోతే ముందు అందర్నీ దింపి దూరంగా పంపు, గేటు దగ్గరున్న ఫోన్‌లో రైల్వేవాళ్లకి చెప్పు, టైముంటేనే బండిని తియ్యి, గంట మోగితే వదిలెయ్. అమెరికాలో గేటు దగ్గర నీలం బోర్డు మీద ఫోన్ నంబరు, ఆ గేటు నంబరు రాసి ఉంటాయి. అక్కడ చెప్పే ఇంకో మాట విన్నప్పుడు మొదట నాకు వింతగా అనిపించింది: పరిగెత్తేటప్పుడు పట్టాలకి దూరంగా, కానీ రైలు వచ్చే వైపుకే ఏటవాలుగా పరిగెత్తాలట. ఆలోచిస్తే సబబే, గుద్దిన కారు ముక్కలన్నీ రైలు పోయే వైపే ఎగిరిపడతాయి.

అన్నీ కర్రతో తేలే కేసులు కావని నాకూ తెలుసు. 2017 మార్చిలో మిసిసిపీ రాష్ట్రంలోని బిలాక్సీ దగ్గర ఒక టూరిస్టు బస్సు పట్టాల దగ్గరి ఎత్తు మీదికి ఎక్కి, మధ్యలో అడుగు తగిలి కూరుకుపోయింది, జనం దిగుతుండగానే గూడ్స్ రైలు గుద్దింది, నలుగురు పోయారు. అక్కడ డ్రైవర్ ఎంత తెలివైనవాడైనా ఏం చేస్తాడు? ఆ ఎత్తు తగ్గించాల్సింది మీరు. అలాగే 1968 జనవరి 6న ఇంగ్లండ్‌లోని హిక్సన్ దగ్గర 120 టన్నుల ట్రాన్స్‌ఫార్మర్‌ని మోసుకెళ్తున్న బండి. అది పట్టాలు దాటడానికి దాదాపు నిమిషం కావాలి, గేటు ఇచ్చే హెచ్చరిక 24 సెకన్లు. ముందు ఫోన్ చెయ్యాలని ఆ బండి వాళ్లకీ పట్టలేదు, తోడుగా వచ్చిన పోలీసులకీ పట్టలేదు. పక్కనే ఫోన్ ఉంది. పదకొండు మంది పోయారు. బోర్డు మీద ఎక్కడో ఒక మూల రాసి పెట్టి "మేం చెప్పాం కదా" అంటే సరిపోదని దీనికంటే గట్టిగా ఎవరు చెప్పాలి?

ఇప్పుడు ట్రాఫిక్ సిగ్నల్ వాళ్లతో ఒక మాట. నన్ను పట్టాల మీద కూర్చోబెట్టింది మీ సిగ్నలే. 1995 అక్టోబరు 25న ఇల్లినాయ్‌లోని ఫాక్స్ రివర్ గ్రోవ్‌లో స్కూలు బస్సు ఒకటి పట్టాలు దాటి ఎర్ర సిగ్నల్ దగ్గర ఆగింది. డ్రైవర్ దృష్టిలో పట్టాలు దాటేసినట్టే. వెనక భాగం మాత్రం ఇంకా రైలు దారిలోనే ఉంది. వెనక పిల్లలు అరుస్తున్నారు, సిగ్నల్ పచ్చబడేసరికి సమయం మించిపోయింది. ఏడుగురు పిల్లలు. రైలు వస్తోందని తెలియగానే రోడ్డు సిగ్నల్ ముందుగా పచ్చబడి పట్టాల మీది బళ్లని ఖాళీ చేయించాలి, ఆ వైర్లు అక్కడ ఉన్నాయి కూడా, కానీ ఇచ్చిన సెకన్లు చాలలేదు. రైల్వేవాళ్ల లెక్క ఒకటి, రోడ్డువాళ్ల లెక్క ఇంకొకటి. మీరిద్దరూ కలిసి ఒక్కసారి ఒకే గేటు దగ్గర స్టాప్‌వాచ్ పట్టుకుని నిలబడితే చాలు. మీ వీలు చూసుకుని కాదు, ఆఫీసులు వదిలే టైములో, రోడ్డు నిండా బళ్లున్నప్పుడు నిలబడండి. పక్కన నేను కూడా నిలబడతాను, టీ నేనే తెస్తాను.

మరొక సంగతి, రైలు పట్టాల కంటే వెడల్పుగా ఉంటుంది, అటూ ఇటూ దాదాపు మూడడుగులు బయటికి వస్తుంది. చక్రాలు పట్టాలు దాటితే చాలు అనుకునేవాళ్లు ఎంతమందో. రోడ్డు మీద పసుపు గీతల పెట్టె ఒకటి గీస్తే ఆ గొడవ సగం తీరుతుంది, గీత మాసిపోయాక మళ్లీ గీయించాలి సుమా.

డ్రైవింగ్ మాస్టార్లూ, మీకు పెద్ద పని పెట్టడం లేదు. అర్ధగంట పాఠం కూడా అక్కర్లేదు. పార్కింగ్ నేర్పే గ్రౌండ్‌లో ఒక పాత వెదురు బద్దని రెండు స్టూళ్ల మీద అడ్డంగా పెట్టండి, నేర్చుకునేవాణ్ణి దానికి ఎదురుగా ఆపమనండి, గంట మోగించండి, పోనిమ్మనండి. ఒక్కసారి కర్ర విరిగిన చప్పుడు వింటే చేతులకి గుర్తుంటుంది. వాణ్ణి తిట్టకండి. పరీక్షలో "గేటు పడితే ఏం చెయ్యాలి" అని అడుగుతున్నారు, మంచిదే. "నువ్వు లోపల ఉండగా గేటు పడితే ఏం చెయ్యాలి" అని ఇంకొక్కటి కలపండి. కదిలే బండైతే ముందుకే, కర్ర మీంచే. కదలని బండైతే దిగు, అందర్నీ దింపు, పరిగెత్తు, ఫోన్ చెయ్యి. నా ఉద్దేశంలో ఇంతకంటే పెద్ద జవాబు అక్కర్లేదు. కొన్ని చోట్ల బరువైన ఇనప పైపు గేట్లున్నాయి, అక్కడ ఈ మాట చెల్లదు అంటారా, అయితే ఆ గేటు మీద ఆ మాటే రాయండి, లోపలున్నవాడు బండి వదిలేసి పరిగెత్తాలని. గేటు కాసే మనిషి ఉండి, గేటు పడితేనే రైలుకి సిగ్నల్ పడే చోట అయితే కొంత నయం, లోపల బండి చిక్కిందని ఆ మనిషి చూస్తాడు, సిగ్నల్ ఇవ్వనివ్వడు. మనిషి లేని చోట చాలావరకు చూసే కన్ను ఏదీ ఉండదు, ఉన్నది గేటు మీది రాతే.

నాకు తర్వాత ఒక కవరొచ్చింది. విరిగిన కర్రకి బిల్లు. పేచీ పెట్టకుండా కట్టేశాను, నా ప్రాణం కంటే చవకే. కట్టొచ్చిన రోజు అటుగా వెళ్లి చూస్తే కొత్త కర్ర బిగించేశారు, కొత్త స్టిక్కర్ కూడా. రోడ్డు మీంచి వచ్చేవాళ్లకి కనిపించే వైపు "ఆగుము" అని ఉంది. పట్టాల మీద ఉన్నవాడికి కనిపించే వైపుకి నడిచి వెళ్లి చూశాను. చారలు తప్ప ఏమీ లేవు. ఒక తెల్ల చార మీద చెయ్యి పెట్టి కొలిచాను, రెండు జానలు ఉంది. "తోసుకుని రండి" అని రాస్తే పడుతుంది.

ఇట్లు,
ఆ కర్ర విరగ్గొట్టిన మనిషి